సమస్య: దుమ్ము కప్పఁ జుక్క దోఁచె నపుడు

గంటస్తంభం: ఆటవెలది నాలుగో పాదం. దూరపు గెలాక్సీల ధూళి మీదే పూరించాలి. అరసవల్లి సూర్యుడికి మబ్బు కమ్మిన పద్యాలు ఇక చాలు.

వంశధార:
నీలి కాంతి మింగి నివురైన రజమది
వేఁడి యలలు గాఁగ వెడలఁ జేయ
నలలు సాగి సాగి యల్మకుఁ జిక్కెను
దుమ్ము కప్పఁ జుక్క దోఁచె నపుడు

నాగావళి: వంశధార గారూ, "సాగి సాగి" గొప్పగా పడింది. అల్మ అంటే చిలీ ఎడారిలోని రేడియో దూరదర్శినుల వరుసే కదా. దారి సాగుతుంది, అల కూడా సాగుతుంది. ఎరుపు విస్థాపన (విశ్వంతో పాటు అల ఎంత సాగిందో చెప్పే అంకె, దానికి ఒకటి కలిపితే అన్ని రెట్లు) 5 అయితే 100 మైక్రాన్ల అల 600 అయి మన దగ్గరికొస్తుంది. "వేఁడి" మాత్రం ఒప్పను. ఆ ధూళి 30 నుంచి 50 కెల్విన్లు, అంటే సున్నాకి 220 డిగ్రీల కన్నా దిగువ. "చల్ల నలలు గాఁగ సాగనంప" అనండి. చ-సా యతి సరిపోతుంది.

గంటస్తంభం: చల్ల అంటే మజ్జిగండీ బాబూ! "చలువ యలలు" చెయ్యండి, గణం చెడదు.

బొబ్బిలివీణ:
హబులు కంటి కెట్టి యానవా లియ్యక
దాఁగియున్న దానిఁ దవ్వె స్కూబ
ఎనిమి దైదు సున్న మైక్రాను లలలందు
దుమ్ము కప్పఁ జుక్క దోఁచె నపుడు

నాగావళి: హెచ్‌డీఎఫ్ 850.1 అనే గెలాక్సీ కదా, హవాయిలోని దూరదర్శినికి అమర్చిన స్కూబ కెమెరాకి 1998లో దొరికినది. "స్కూ" వల్ల ముందున్న "వ్వె" గురువు కాదు, అక్కడ సమాసం లేదు. మూడో పాదంలో మాత్రం ఎ-మై యతి తప్పింది. "యీ మైక్రొ మీటర్ల" అంటే నిలుస్తుంది, "ఈ" వట్టి పూరకమే అయినా. "చుక్క" ఇక్కడ భలే అమరింది. ఆ దూరదర్శిని 15 మీటర్ల పళ్లెంతో 850 మైక్రాన్ల దగ్గర చూపు 14 ఆర్క్‌సెకన్ల (ఒక్కోటి డిగ్రీలో 3600వ వంతు) మసక, గెలాక్సీ మొత్తం ఒక్క చుక్కే. ఆ మసకలో అది సరిగ్గా ఎక్కడుందో తేలలేదు, అందుకే దాని ఎరుపు విస్థాపన 5.18 అని తేలేసరికి 2012 వచ్చింది.

బొబ్బిలివీణ: యతి దిద్దుకుంటాను. ఆ ఒక్క కొలత నుంచే మొత్తం వెలుగు కట్టి ఇంకో పద్యం చెప్పనా?

నాగావళి: వద్దు. వెలుగు ఉష్ణోగ్రతకి దాదాపు ఆరో ఘాతంగా పెరుగుతుంది. అంతే ధూళికి 30 బదులు 40 కెల్విన్లు అనుకుంటే అయిదున్నర రెట్లు తేడా. వెలుగు అన్నిటికన్నా ఎక్కువగా ఉండే అల పొడవుకి అటూ ఇటూ కొలిస్తే గానీ ఉష్ణోగ్రత తెలీదు.

వంశధార: ఎరుపు విస్థాపన 7 దగ్గర ఇంకో చిక్కు. అప్పటి విశ్వ నేపథ్య వికిరణమే (మహావిస్ఫోటం మిగిల్చిన, అంతటా నిండిన వెలుగు) 22 కెల్విన్లు. 25 కెల్విన్ల ధూళి దాని ముందు తేలదు. అక్కడ "దోఁచె" అనలేం.

గంటస్తంభం: అయితే వచ్చే వారం సమస్య అదే: "దుమ్ము కప్పఁ జుక్క దోఁచ దపుడు".