పాలమూరు రోడ్ల మీద సైకిల్‌కు భద్రత అడగాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న (ఏనుగొండ ఉపాధ్యాయిని):
నేను మహబూబ్‌నగర్‌లో ఒక ఉన్నత పాఠశాలలో పనిచేస్తున్నాను. మా పిల్లల్లో చాలామంది ఏనుగొండ, అప్పన్నపల్లి వైపు నుంచి సైకిళ్ల మీద వస్తారు. పోయిన నెల తొమ్మిదో తరగతి అమ్మాయి సైకిల్ హ్యాండిల్‌కు వెనుక నుంచి వచ్చిన సరుకుల వ్యాను తగలడంతో ఆమె పడిపోయింది, ముంజేతి ఎముక విరిగింది. అంచున పోకుండా రోడ్డు మధ్యకు వచ్చింది కాబట్టి తప్పు అమ్మాయిదేనని అక్కడున్నవారు తేల్చేశారు. మరునాడు నేను వెళ్లి చూస్తే, ఎడమ అంచున మురుగు కాలువ మీద ఇనుప జాలీ ఉంది. దాని కమ్మీలు రోడ్డు పొడవునా సాగుతున్నాయి, సైకిల్ చక్రం ఆ సందులో ఇట్టే దిగబడుతుంది. ఆ పిల్ల దాన్ని తప్పించుకోవడానికే కుడివైపు జరిగింది. తల్లిదండ్రులు సంతకాలు పెట్టడానికి సిద్ధంగా ఉన్నారు. కొందరు ర్యాలీ తీద్దామంటున్నారు, కొందరు పట్టణమంతా సైకిల్ ట్రాక్ అడుగుదామంటున్నారు. ఏమి అడగాలో, ఎవరిని అడగాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరా?

జవాబు 1 (రోడ్ల పనుల్లో విరమణ పొందిన ఉద్యోగి):
అమ్మా, ముందు ఆ రోడ్డు ఎవరిదో తెలుసుకోండి. జడ్చర్ల వైపు నుంచి పట్టణం గుండా రాయచూరు వైపు సాగేది 167వ నంబరు జాతీయ రహదారి. దాని మీద ఒక గీత గీయాలన్నా జాతీయ రహదారుల విభాగం అనుమతి కావాలి. లోపలి వీధులు నగరపాలక సంస్థవి. రెండింటినీ కలిపి ఒకే దరఖాస్తు రాస్తే ఒక కార్యాలయం మరో కార్యాలయం వైపు చూపిస్తుంది, కాగితం మధ్యలోనే ఆగిపోతుంది. నా సర్వీసులో అలా ఆగిపోయినవి ఎన్నో చూశాను.

ఇక అడగవలసినది. పట్టణమంతా ట్రాక్ అంటే భూసేకరణ, నిధులు, ఏళ్ల తరబడి ఎదురుచూపు. జాలీ కమ్మీలను రోడ్డుకు అడ్డంగా తిప్పి బిగించడం ఒక పూట పని. బడి ముందు స్పీడ్ బ్రేకర్ ఉంటే టేపు పెట్టి కొలవండి. వాహనాలు గంటకు 25 కిలోమీటర్ల వేగంతో దాటేందుకు, రోడ్ల ప్రమాణాలు రూపొందించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ అనే సంస్థ చెప్పిన కొలత 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు. ఇరుకుగా, నిటారుగా పోసిన గట్టు లారీని ఆపుతుందో లేదో కాని, సైకిల్ మీది పిల్లలను మాత్రం ఎత్తి పడేస్తుంది.

అన్నిటికన్నా వేగం ముఖ్యం. పట్టణ పరిధిలోని రోడ్లపై కార్లకు 70, ద్విచక్ర వాహనాలకు 60 కిలోమీటర్ల గరిష్ఠ వేగాన్ని కేంద్రం 2018లో నిర్ణయించింది. మోటారు వాహనాల చట్టం 112వ సెక్షన్ కింద రాష్ట్రం దాన్ని తగ్గించవచ్చు. సైకిళ్లు, పాదచారులు మోటారు వాహనాలతో కలిసి తిరిగే చోట 30 దాటకూడదని 2020లో స్టాక్‌హోమ్‌లో జరిగిన ప్రపంచ మంత్రుల సదస్సు ప్రకటించింది. 30తో పోలిస్తే 60లో పోయే బండి ఢీకొన్నప్పుడు దాని శక్తి రెండింతలు కాదు, నాలుగింతలు. బడి దగ్గరి అర కిలోమీటరుకు 30 పరిమితి అడగండి.

జవాబు 2 (బండమీదిపల్లి పాలవ్యాపారి కొడుకు):
ట్రాక్ విషయంలో పెద్దాయన మాటతో నేను ఏకీభవిస్తున్నాను. హైదరాబాద్‌లో ఔటర్ రింగు రోడ్డు పక్కన 2023లో సౌర పలకల కప్పుతో 23 కిలోమీటర్ల ట్రాక్ వేశారు. అది మంచిదే, కాని వ్యాయామానికి వెళ్లేవారికి ఉపయోగపడినంతగా క్యాన్లు కట్టుకుని ఇంటింటికీ తిరిగేవాళ్లకు ఉపయోగపడదు. ఇక్కడ రోడ్డు పక్కన రంగు గీత గీసి వదిలేస్తే మధ్యాహ్నానికి అక్కడ ఆటోలు, తోపుడు బండ్లు నిలుస్తాయి. వాళ్ల బతుకూ రోడ్డు మీదే కాబట్టి, వాళ్లకు చోటు చూపకుండా గీత మాత్రమే అడగడం న్యాయం కాదు.

మా నాన్న ముప్పై ఏళ్లుగా తెల్లవారకముందే సైకిల్ మీద పాలు పోస్తున్నాడు. డివైడర్ కట్టినప్పటి నుంచి ఎదురు వీధికి పోవాలంటే చాలా దూరం వెళ్లి తిరిగి రావాలి; నిండు క్యాన్లతో అంత తొక్కలేక రాంగ్ రూట్‌లో వస్తాడు. అది ప్రమాదమని ఆయనకు తెలియక కాదు. కాబట్టి డివైడర్‌లో దాటే చోట్లు ఎక్కడ కావాలో రోజూ తొక్కేవాళ్లనే అడగండి. ఆదివారం ర్యాలీకి పాలవాళ్లు, కూలీల అడ్డా మీద నిలిచే సుతారి మేస్త్రీలు రాలేరు. తెల్లవారి అయిదు గంటలకు మీరే అడ్డా దగ్గరికి రండి, వాళ్ల సంతకాలు నేను దగ్గరుండి పెట్టిస్తాను.

జవాబు 3 (న్యాయవాది):
ఆ అమ్మాయి ప్రమాదంపై పోలీసు ఫిర్యాదు నమోదైందా? లేకపోతే మిగతా అన్నిటికన్నా ముందు ఆ పని చేయండి. జాతీయ రహదారిపై 500 మీటర్ల నిడివిలో మూడేళ్లలో మరణం లేదా తీవ్ర గాయం కలిగించిన ప్రమాదాలు 5 జరిగినా, 10 మంది మరణించినా ఆ చోటును బ్లాక్ స్పాట్‌గా గుర్తిస్తారు. ఎముక విరగడం చట్టం దృష్టిలో తీవ్ర గాయమే. కాని సైకిల్ ప్రమాదాల్లో ఆసుపత్రి ఖర్చు ఇప్పించుకుని రాజీ పడడం మన దగ్గర మామూలైంది, రాజీ పడిన ప్రమాదం లెక్కలోకి రాదు. అందువల్లనే కాగితాల మీద ఆ రోడ్డు సురక్షితంగా కనిపిస్తుంది.

సైకిళ్ల వంటి మోటారు లేని వాహనాలు, పాదచారుల విషయమై నియమాలు చేసే అధికారాన్ని మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ 138(1ఎ) సెక్షన్ కింద రాష్ట్రాలకు ఇచ్చింది. ఆ నియమాలను ఆరు నెలల్లో రూపొందించాలని సుప్రీంకోర్టు 2025 అక్టోబరులో అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. రోడ్డు రూపకల్పన లోపం వల్ల మరణమో వైకల్యమో కలిగితే బాధ్యులపై లక్ష రూపాయల వరకు జరిమానా విధించవచ్చని అదే చట్టంలోని 198ఎ సెక్షన్ చెబుతోంది. అయితే మొదటి దరఖాస్తులోనే దాన్ని బెదిరింపుగా వాడకండి. పని చేయగల ఇంజినీరు కూడా దూరమవుతాడు. సోమవారం ప్రజావాణిలో కలెక్టరు గారికి దరఖాస్తు ఇచ్చి, జిల్లా రోడ్డు భద్రతా కమిటీ ముందు ఉంచాలని అందులో రాసి, రశీదు తీసుకోండి. కదలిక లేకపోతే తీసుకున్న చర్యలను సమాచార హక్కు చట్టం కింద అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి.

ప్రశ్న అడిగినవారు:
ముగ్గురికీ కృతజ్ఞతలు. ఫిర్యాదు నమోదు కాలేదు. వ్యాను యజమాని ఆసుపత్రి ఖర్చు భరించడంతో తండ్రి ఊరుకున్నారు. నెల దాటిన తర్వాత కూడా ఇవ్వవచ్చా? జాలీ ఫొటోలు తీశాను, కొలతలు రేపు పిల్లలను దూరంగా నిలబెట్టి నేనే తీస్తాను. బుధవారం తెల్లవారుజామున అడ్డా దగ్గరికి వస్తాను తమ్ముడూ.

జవాబు 3 (న్యాయవాది):
ఇవ్వవచ్చు. ఆలస్యానికి కారణం ఉన్నది ఉన్నట్టు రాయమనండి. ఎక్స్‌రే, ఆసుపత్రి చీటీలు, జాలీ ఫొటో జత చేయండి. పిల్ల తండ్రి జంకితే నాతో మాట్లాడించండి, పోలీసు స్టేషనుకు నేను కూడా వస్తాను.