కల కథకి ముగింపు ఎలా ఇవ్వాలి?

నమస్తే అండీ. ఒక చిన్న కథ దగ్గర నెల రోజులుగా ఇరుక్కుపోయాను, కాస్త దారి చూపించండి.

కథలో ఓ రిటైరైన బస్సు కండక్టరు. రోజూ కలలో అదే రూటు, అదే ఆఖరి ట్రిప్పు. ఎక్కేవాళ్లంతా ఎప్పుడో పోయిన బంధువులే. వాళ్లకి చిల్లర ఇద్దామని సంచీలో చెయ్యి పెడతాడు, మెలకువ వచ్చేస్తుంది. లేచి చూస్తే వేళ్లకి బిళ్లల వాసన! ఇంతవరకు బాగానే కుదిరింది. చివర్లో "ఇదంతా కల" అని తేల్చేస్తే మాత్రం పాఠకులు తిడతారు. నేనైతే తిడతాను.

అమెరికన్ రచయిత అంబ్రోస్ బియర్స్ 1890లో రాసిన ఉరి కథ మళ్లీ చదివాను. అందులోనూ ఉరి పడేవాడు తప్పించుకోవడమంతా భ్రమే, అయినా మోసపోయినట్టు అనిపించదు. మొదట్లోనే అతని గడియారం చప్పుడు సమ్మెట దెబ్బల్లా వినిపించేలా చేసి, కాలం సాగుతోందని మనకి చెప్పేశాడు కదా. నాకు అలాంటి ఆనవాలు ఒక్కటీ తట్టట్లేదు.

ఇంకో దారి జనకుడి కథ. కలలో బిచ్చగాడై, లేచి "ఇది నిజమా, అది నిజమా?" అని అడిగితే, రెండూ కాదు, నువ్వే నిజం అంటాడు అష్టావక్రుడు. ఆ మాట కండక్టరు నోట పెడితే ప్రవచనంలా ఉంటుందని భయం.

చిల్లర ఇచ్చాక ఆపనా, ఇవ్వకముందే ఆపనా? బిళ్లల వాసన ఆనవాలుగా సరిపోతుందా? కథలు రాసేవాళ్లు ఎవరైనా చెప్పండి, ప్లీజ్.