బయాను నిలబెట్టింది పారిస్‌నా, బ్లిడానా?

తంగేడు (చర్చ మొదలుపెట్టినవారు):
అల్జీరియా చిత్రకారిణి బయా మహియెద్దీన్ (1931–1998) జీవితం చదివాక నాకు కలిగిన అభిప్రాయం ఇది. అయిదేళ్లకే తల్లీతండ్రీ లేని పిల్ల. పెంచిన అవ్వ ఒక పూలతోటలో పనిచేసేది. అక్కడ ఆ పిల్లను చూసిన మార్గరీత్ కమినా అనే ఫ్రెంచి మహిళ అల్జీర్స్‌లోని తన ఇంటికి తీసుకువెళ్లింది. 1947లో, పదహారో ఏట, పారిస్‌లోని మాగ్ గ్యాలరీలో బయా చిత్రప్రదర్శన జరిగింది. దానికి పరిచయం రాసింది కలలనూ అంతశ్చేతననూ కళలోకి తెచ్చిన సర్రియలిస్టు ఉద్యమ కవి ఆంద్రే బ్రెతోఁ. మరుసటి ఏడాది దక్షిణ ఫ్రాన్సులోని వల్లోరిస్‌లో, పికాసో పనిచేసే కుమ్మరి కార్ఖానాలోనే మట్టిబొమ్మలు చేసింది. 1953లో పెళ్లయి అల్జీరియాలోని బ్లిడా పట్టణానికి కాపురానికి వెళ్లింది, తర్వాత పదేళ్లు కుంచె పట్టలేదు. ఆమె శిఖరం 1947 అనీ, పారిస్ లేకపోతే బయా లేదనీ నేనంటాను. మీరేమంటారు?

నీలాంబరి:
తంగేడు గారూ, మీ లెక్కన ఆమె కథ పాతికేళ్లు నిండకుండానే ముగిసింది. 1963లో మళ్లీ మొదలుపెట్టి దాదాపు 35 ఏళ్లు వేసిన బొమ్మల మాటేమిటి? 1962లో అల్జీరియా ఫ్రాన్సు నుంచి స్వతంత్రమైంది. మరుసటి ఏడాదే అల్జీర్స్ జాతీయ లలితకళల మ్యూజియం ఆమె పాత చిత్రాలను జనం ముందు పెట్టింది. మ్యూజియం బాధ్యతలు చూస్తున్న జాఁ ద మెజోన్సల్ ప్రోత్సహించారు, ఆమె మళ్లీ రంగులు కలిపింది.

ఆ తర్వాతి చిత్రాలను పక్కన పెట్టుకుని చూడండి. ఆమె భర్త ఆండలూసీ సంగీత (ఒకప్పటి ముస్లిం స్పెయిన్ నుంచి వచ్చిన అరబ్బు శాస్త్రీయ సంగీతం) విద్వాంసుడు. పెళ్లికి ముందు బొమ్మల్లో ఆడవాళ్లు, పక్షులు, పూలు ఎక్కువ. 1963 తర్వాత వయొలిన్లు, ఊద్‌లు (అరబ్బు తంత్రీవాద్యం), హార్ప్‌లు కాగితం నిండా పరుచుకున్నాయి. చేపలూ పూలకుండీలూ వాటి మధ్యే ఒదిగిపోతాయి. ఆ ముదురు గులాబీ, ఆ నెమలికంఠం నీలం ఏ గురువు దగ్గరా నేర్చుకున్నవి కావు. పికాసోకు ఆమె ప్రేరణ అని కొందరు గొప్పగా చెబుతారు. ఆమె విలువకు ఇంకొకరి పేరు తూకంరాయి కావడం నాకు అసలు నచ్చదు.

గడప:
నీలాంబరి గారూ, ముప్పాతిక వంతు మీతోనే ఉన్నాను. కానీ ఆ పదేళ్లకు సంగీతం పూత పూయకండి. తనకంటే దాదాపు ముప్పై ఏళ్లు పెద్దవాడికి రెండో భార్యగా వెళ్లింది. ఆరుగురు పిల్లలు. 1954 నుంచి బయట స్వాతంత్ర్య యుద్ధం. ఇరవైల్లో ఉన్న ఒక మహా చిత్రకారిణి చేతికి పదేళ్లు రంగు అంటలేదంటే అది నష్టమే. మార్గరీత్ ఇంట్లోనూ ఆమె సగం పెంపుడు కూతురు, సగం పనిపిల్ల. ఈ రెండు ఇళ్లలో దేన్నీ పొగడడానికి నాకు మనసొప్పదు.

తంగేడు:
గడప గారి మాట సరే. అయినా మాగ్ గ్యాలరీ లేకుంటే 1963లో మ్యూజియం ఆమెను గుర్తుంచుకునేదా?

నీలాంబరి:
తొలి తలుపు పారిస్ తెరిచింది, నిజమే. ఆ పదేళ్లు నష్టమన్న మాటనూ కాదనను. అందుకే ఆమె తిరిగి కూర్చుని బొమ్మ వేయడం నాకు 1947 కన్నా పెద్ద సంగతి. ఆమె లోకంలో అంతా ఆడవాళ్లే, పురుషుడు కనిపించడు. అది పదహారేళ్లప్పుడూ అంతే, అరవై దాటాకా అంతే. పొగడ్త వచ్చినా, సంసారం మీద పడినా ఆ లోకాన్ని మార్చుకోలేదు. 1990లలో అంతర్యుద్ధం ముదిరి ఎందరో రచయితలూ కళాకారులూ ఫ్రాన్సుకు వెళ్లిపోతుంటే, ఆమె బ్లిడాలోనే ఉండి చిత్రాలు వేసింది. పారిస్ దారి ఆమెకు కొత్త కాదు కదా, తంగేడు గారూ.