సిరిమాను చూస్తూ పెరిగినవాళ్ళం ఏ పుస్తకంతో మొదలుపెట్టాలి?

ప్రశ్న (విజయనగరం నుంచి)

అందరికీ నమస్కారం. పూజారి కూర్చున్న పొడవైన చింతమాను (సిరిమాను) ఊరేగే పైడితల్లి అమ్మవారి పండుగను చిన్ననాటి నుంచి చూస్తూ పెరిగిన మిత్రులం కొందరం కలిసి, మతం, సమాజం, జనం మెచ్చే కథలు, సినిమాలు, వీటికి ఒకదానితో ఒకదానికి ఉన్న సంబంధం గురించి పరిశోధకులు రాసిన పుస్తకాలను చదివి చర్చించుకోవాలని అనుకుంటున్నాం. గుడి దగ్గర అమ్మే చిన్న పుస్తకాలూ, పండుగనాడు వచ్చే పత్రికల ప్రత్యేక పేజీలూ చదివే ఉన్నాం. 1757 నాటి బొబ్బిలి యుద్ధం, బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడి చేతిలో విజయనగరం రాజు విజయరామరాజు మరణం, అన్న పోయిన దుఃఖంతో చెల్లెలు పైడితల్లి ప్రాణం విడవడం, పెద్దచెరువులో అమ్మవారి విగ్రహం దొరకడం, ఈ వరుసలోనే అన్నీ కథను చెప్పి ఊరుకుంటాయి. తొలేళ్ళ నాడు (సిరిమాను ఊరేగే ముందురోజు) పూజారి రైతులకు విత్తనాలు ఎందుకు పంచుతారో, సిరిమానుతో పాటు పాలధార, తెల్ల ఏనుగు, బెస్తవారి వల ఎందుకు నడుస్తాయో, ఆ మాను గుడి నుంచి కోటకు మూడుసార్లు ఎందుకు తిరుగుతుందో వాటిలో దొరకదు.

మాలో ఒకరికి మాత్రం ఇటువంటి పుస్తకాలు భక్తిని మూఢనమ్మకంగా చూస్తాయేమోనన్న శంక ఉంది. ఆ శంకను నేను తోసిపుచ్చలేను. దేనితో మొదలుపెట్టాలో, మంచి పరిశోధన గ్రంథాన్ని ఎలా గుర్తుపట్టాలో చెప్పగలరని కోరుతున్నాను.

సమాధానం 1 (బొబ్బిలి నుంచి, విశ్రాంత తెలుగు అధ్యాపకుడు)

మీరు అడిగిన పండుగ మీదనే ఒక గ్రంథం ఉంది గనుక దానితోనే మొదలుపెట్టండి. డాన్ హాండెల్మన్ రాసిన ‘వన్ గాడ్, టూ గాడెసెస్’ అనే పుస్తకంలో మూడు అధ్యయనాలు ఉన్నాయి. వాటిలో పైడితల్లి మీది ఎం.వి. కృష్ణయ్య, డేవిడ్ షుల్మన్‌లతో కలిసి చేసినది. నీటి అడుగున, నేల లోతుల్లో ఉండే తల్లి ఏటేటా పైకి వచ్చి రాజ్యాన్ని మళ్ళీ మొలకెత్తిస్తుందన్నది అందులోని ప్రధానమైన వాదం. విత్తనాలను, చెరువును, భూమిలోంచి పెళ్ళగించి తెచ్చిన చింతమానును విడివిడి ఆచారాలుగా కాక ఒకే ఆలోచనలోని భాగాలుగా చూడటం ఆ వాదం వల్ల వీలవుతుంది. దానిని మీరు పూర్తిగా ఒప్పుకోవలసిన పని లేదు. పండుగ చూసిన కళ్ళు మీవి గనుక, ప్రతి పేజీనీ మీ అనుభవంతో సరిచూసుకోగలరు. ఎంత చదువుకున్న బయటి పాఠకుడికైనా ఆ వీలు ఉండదు.

రెండవది ‘టెక్స్‌చర్స్ ఆఫ్ టైమ్’. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్, సంజయ్ సుబ్రహ్మణ్యం కలిసి రాసిన ఈ పుస్తకం 2001లో వచ్చింది. బ్రిటిష్‌వారు రాక ముందు దక్షిణాదిలో చరిత్ర రచన లేదన్న మాటను వీరు ఖండిస్తారు. ఏ కాలంలో ఏ సాహిత్య రూపం బలంగా ఉంటే చరిత్రను ఆ రూపంలోనే రాసేవారనీ, ఏది చరిత్రో ఏది కల్పనో ఆనాటి శ్రోత రచన నడకను బట్టి తెలుసుకునేవాడనీ వీరి వాదం. అందుకు వారు తీసుకున్న మొదటి పెద్ద ఉదాహరణ మా బొబ్బిలి. దిట్టకవి నారాయణకవి ‘రంగరాయ చరిత్రము’ అనే కావ్యాన్నీ, పెద్దాడ మల్లేశం పేరున జనంలో పాడుకునే బొబ్బిలి కథనూ పక్కపక్కన పెట్టి చదువుతారు. వీధిలో పాడే కథను ఆధారం కాదని కొట్టిపారేయకుండా, అది ఏ ప్రశ్నకు జవాబు చెబుతోందో ఓపికగా అడగడం చూసి నాకు ఎంతో గౌరవం కలిగింది. ఈ వాదం మీద 2007లో ‘హిస్టరీ అండ్ థియరీ’ పత్రికలో గట్టి విమర్శలు కూడా వచ్చాయి. షెల్డన్ పొలాక్ రాసిన విమర్శను వెంటనే చదివితే మీ చర్చ ఒకవైపే ఒరిగిపోదు.

మీ మిత్రుని శంకకు నా సమాధానం ఇది. రచయిత భక్తుడా కాదా అన్నది చూడకండి. ఎవరి మాట విన్నాడు, విన్నదాన్ని వాళ్ళ మాటల్లో మన ముందు పెట్టాడా, తన ఊహ ఎక్కడ మొదలైందో దాచకుండా చెప్పాడా అన్నవి చూడండి.

సమాధానం 2 (మెళియాపుట్టి వైపు నుంచి, ఉపాధ్యాయురాలు)

మాస్టారు చెప్పిన కొలబద్దతో నేను ఏకీభవిస్తున్నాను. అయితే ఈ ప్రాంతపు మతం అంటే మైదానంలోని అమ్మవార్లు మాత్రమే కాదు, కొండ మీద సవరలనే గిరిజనులు కూడా ఉన్నారని గుర్తుచేయాలనిపించింది. గిడుగు రామమూర్తి గారి పేరు చెప్పగానే మనవాళ్ళకు వాడుక భాషా ఉద్యమమే గుర్తుకు వస్తుంది కానీ, ఆయన సవర భాష నేర్చుకుని, 1931లో దాని వ్యాకరణాన్నీ, 1938లో నిఘంటువునూ వెలువరించారు. ఆ తరువాత వెరియర్ ఎల్విన్ 1955లో ‘ది రెలిజియన్ ఆఫ్ యాన్ ఇండియన్ ట్రైబ్’ అనే పెద్ద గ్రంథం రాశారు. గోడల మీద దేవతల కోసం, చనిపోయినవారి కోసం వేసే బొమ్మల వివరాలు అందులో విస్తారంగా ఉన్నాయి.

నా మనసులో నిలిచిపోయినది మాత్రం పియర్స్ విటెబ్‌స్కీ 2017లో ప్రచురించిన ‘లివింగ్ వితౌట్ ద డెడ్’. 1970ల నుంచి ఒడిశా వైపు సవరల మధ్య ఉండి, వాళ్ళ భాషలోనే మాట్లాడి రాసిన పుస్తకం అది. చనిపోయినవాళ్ళు పూనకం వచ్చిన స్త్రీ నోటి ద్వారా మాట్లాడటం, బతికి ఉన్న బంధువులు వాళ్ళతో వాదించడం, ఏడవడం, చివరికి రాజీపడటం, ఇవన్నీ సంభాషణల రూపంలో మన కళ్ళ ముందుకు వస్తాయి. తరువాతి తరంలో ఎందరో క్రైస్తవంలోకి మారిపోయి ఆ సంభాషణలు ఆగిపోయినప్పుడు రచయితకు కలిగిన దుఃఖం కూడా దాచుకోకుండా కనిపిస్తుంది. కొత్త కందులు వచ్చినప్పుడు చేసే కందికొత్తల పండుగకు పిలిస్తే వెళ్ళి, పిల్లల ఇళ్ళల్లో కూర్చుని భోజనం చేసే నాకు ఈ పుస్తకం చదివాక ఆ ఇళ్ళల్లోని ముసలివాళ్ళను అడగవలసిన ప్రశ్నలు చాలా ఉన్నాయని తెలిసింది. ఒక్కటి చెప్పాలి: ఈ రచయితలెవరూ సవరలు కారు. చదివిన ప్రతిసారీ ఆ లోటును గుర్తుంచుకోవాలి.

సమాధానం 3 (శ్రీకాకుళం నుంచి, పరిశోధక విద్యార్థి)

ప్రశ్నలో సినిమా మాట కూడా ఉంది కనుక ఎస్.వి. శ్రీనివాస్ పుస్తకాలు రెండింటిని సూచిస్తాను. 2009లో వచ్చిన ‘మెగాస్టార్’ చిరంజీవి అభిమాన సంఘాల గురించినది. 2013లో వచ్చిన ‘పాలిటిక్స్ యాజ్ పెర్ఫార్మెన్స్’ తెలుగు సినిమాకు రాసిన సామాజిక చరిత్ర. 1982లో పార్టీ పెట్టిన ఎన్.టి. రామారావు 1983 జనవరికల్లా ముఖ్యమంత్రి కావడాన్ని మనం రాముడు, కృష్ణుడు వేషాల మహిమగా చెప్పుకుంటాం. ఆ వివరణతో తృప్తిపడకుండా, సినిమాలో ఎవరి పెట్టుబడి ఉంది, హాలులో ఎవరు కూర్చున్నారు, తెర మీద ఎవరు జనం తరఫున మాట్లాడారు అని అడగడం ఇటువంటి పుస్తకాలు నేర్పుతాయి. జమీందారీని ఎదిరించిన 1939 నాటి ‘రైతుబిడ్డ’కు డబ్బు పెట్టినది చల్లపల్లి జమీందారు కుటుంబమే. జమీందారీలు ఏలిన మన జిల్లాల వాళ్ళు ఈ ఒక్క విషయాన్నే ఒక సాయంత్రమంతా చర్చించవచ్చు.

మాస్టారు కావ్యాన్నీ జానపద కథనూ చెప్పి సినిమాను వదిలేశారు. బొబ్బిలి యుద్ధం మీద 1964లోనూ, తాండ్ర పాపారాయుడి మీద 1986లోనూ సినిమాలు వచ్చాయి. ఈనాడు మన ఇళ్ళల్లో పాపారాయుడు అనగానే మనసులో మెదిలే రూపం వాటి నుంచి వచ్చినదే. వాటిని చరిత్రకు వక్రీకరణలని పక్కన పెట్టకుండా, అదే కథకు వచ్చిన కొత్త రూపాలుగా చదవాలని నా అభిప్రాయం.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. సినిమాల మాట మా బృందానికి బాగా నచ్చింది. ఒక్క ఇబ్బంది ఉంది. మాలో ఇద్దరికి ఇంగ్లీషు పుస్తకం చదవడం భారమవుతుంది. వాళ్ళను వదిలిపెట్టి ముందుకు పోవడం మాకు ఇష్టం లేదు.

సమాధానం 1 వ్రాసినవారు

అలాగైతే మొదటి నెల సురవరం ప్రతాపరెడ్డి గారి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ తీసుకోండి. తెలుగులో మొట్టమొదటి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం, 1955లో, దానికే వచ్చింది. రాజుల వంశావళులను పక్కన పెట్టి, జనం ఏమి తిన్నారు, ఏ ఆటలు ఆడారు, ఏ దేవతలను కొలిచారు అన్నది కావ్యాల్లోంచి ఏరి చూపిన పుస్తకం అది. ఆధారాలు ప్రధానంగా కావ్యాల నుంచి తీసుకున్నవి గనుక, కావ్యాలకెక్కని మన తప్పెటగుళ్ళు, జముకుల కథ వంటి జానపద కళల గురించి మీరే అడిగి రాసుకోవలసి ఉంటుంది. ఆ తరువాత పైడితల్లి అధ్యయనాన్ని ఇంగ్లీషు వచ్చినవారు వారానికి కొన్ని పేజీల చొప్పున తెలుగులో వివరిస్తూ పోతే, మిగిలిన ఇద్దరూ అందులోని వర్ణన తాము చూసిన పండుగతో ఎక్కడ కలుస్తుందో, ఎక్కడ కలవదో చెప్పగలరు. తమ్ముడు సినిమాల గురించి చెప్పినది సబబే. ఆ రెండు సినిమాలనూ ‘టెక్స్‌చర్స్ ఆఫ్ టైమ్’ మొదటి భాగం చదివిన వారంలోనే చూడండి.