అప్‌డేట్: సల్సా అంటే పచ్చడా, నాట్యమా?

పచ్చడికీ నాట్యానికీ సల్సా అనే ఒకే పేరు ఎలా వచ్చిందని ఇంతకుముందు అడిగాను, సమాధానం దొరికింది. ఉప్పుకు లాటిన్‌లో ఉన్న 'సాల్' అనే మాట నుంచి, 'ఉప్పు వేసినది' అనే అర్థంలో పుట్టిన ఈ పదం స్పానిష్‌లో నంజుడు పదార్థాలకు పేరైంది. ఫ్రెంచి మీదుగా ఇంగ్లిషుకు చేరిన 'సాస్' కూడా ఇదే. టమాటా, మిరపకాయలు నూరే మెక్సికో వంటకం మాత్రం స్పెయిన్ వారి రాకకు ముందుదే.

ఇక నాట్యానికి ఆ పేరు దాని సంగీతం నుంచి వచ్చింది. క్యూబా మూలాలున్న సోన్, మాంబో వంటి సంగీత బాణీలకు కలిపి ఈ పేరును 1970లలో ప్రచారంలోకి తెచ్చినది ప్రధానంగా 1964లో న్యూయార్క్‌లో స్థాపితమైన ఫానియా రికార్డ్స్ అనే సంగీత సంస్థ. సల్సా తినేదే తప్ప సంగీతం కాదన్న మాంబో సంగీతకారుడు టీటో పుయెంతే అభ్యంతరం నాకు న్యాయంగానే తోస్తోంది.

నన్ను అన్నిటికన్నా ఆనందపరచిన విషయం మరొకటి: స్పానిష్‌లో ఉప్పుగిన్నెనూ, మనిషిలోని సొగసునూ 'సలేరో' అనే అంటారు, మన 'లావణ్యం' కూడా లవణం నుంచి పుట్టినదే.