అప్‌డేట్: రాజస్థాన్‌లోని జైసల్మేర్ చుట్టూ రెండు రోజులు తిరిగి వచ్చాము

ఎడారిలో కారులో రెండు రోజులే తిరిగే వీలుంటే ఎక్కడెక్కడ ఆగాలని గత నెల నేను అడిగినప్పుడు ఓపికగా సమాధానాలిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు; నిన్ననే మా ఊరు సిరొంచకు చేరుకున్నాము.

ఎక్కువ మంది సూచించిన సమ్ ఇసుక దిబ్బలు బాగానే ఉన్నాయి గానీ, జనం రద్దీ ఎక్కువ. మా మనసులో నిలిచిపోయింది మాత్రం జైసల్మేర్ నుంచి బాడ్‌మేర్ దారిలో దాదాపు 17 కిలోమీటర్ల దూరాన ఉన్న ఆకల్ శిలాజ వనమే. సుమారు 18 కోట్ల ఏళ్ల నాటి చెట్ల మొద్దులు రాయిగా మారి ఇనుప జాలీల వెనుక పడి ఉన్నాయి. మా ఊరికి దగ్గరలోని వడదం శిలాజాలను చిన్నప్పటి నుంచి చూసిన అమ్మ, ఆ జాలీకి ముఖం ఆనించి, కర్రలోని ఈనెల వంటి గీతలను చూస్తూ చాలాసేపు కదలలేదు.

పాలివాల్ బ్రాహ్మణులు విడిచి వెళ్లిన కుల్‌ధరా గ్రామాన్ని దయ్యాల కథల కోసం కాక, తిన్నని వీధుల కోసం, రాతి గోడల కోసం చూడాలి.

రెండవ రోజంతా జైసల్మేర్‌కు సుమారు 120 కిలోమీటర్ల దూరంలో, పాకిస్తాన్ సరిహద్దు దగ్గరున్న తనోట్‌కే కేటాయించాము. 1965 భారత్-పాక్ యుద్ధంలో పేలకుండా మిగిలిన గుండ్లను అక్కడి తనోట్ మాత ఆలయంలో భద్రపరిచారు. తిరుగు దారిలో, 1971 డిసెంబరులో భారత్-పాక్ సేనల మధ్య పోరు జరిగిన లోంగేవాలాను చూశాము. తనోట్ దారిలోని రాంగఢ్ దాటకముందే పెట్రోలు, నీళ్లు నింపుకోమన్న సలహా అక్షరాలా పనికొచ్చింది.