మాండలిన్ శ్రీనివాస్ రికార్డింగుల్లో ముందు ఏది వినాలి?

రాత్రిడ్యూటీ:
గిటార్ నేర్చుకుంటున్నాను. కర్ణాటక సంగీతం పెద్దగా తెలీదు. గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ కోసం ఆయన బృందం రిమెంబర్ శక్తి వింటుంటే, పక్కన మాండలిన్ వాయించే ఆయన మీదకి చెవి పోయింది. ఎవరా అని చూస్తే మన పాలకొల్లు ఆయన! పేరు కొట్టి వెతికితే ఆల్బమ్‌లు కుప్పలుగా వస్తున్నాయి, ఒకే కీర్తన నాలుగైదు కవర్లతో. దేంతో మొదలుపెట్టమంటారు? ఇంకో డౌటు: మాండలిన్‌కి ఎనిమిది తీగలు కదా, ఈయనది చిన్న ఎలక్ట్రిక్ గిటార్‌లా ఉందేంటి?

గోదారిగట్టు:
మాదీ పశ్చిమ గోదావరే. కాస్త పక్షపాతం ఉంటుంది, ముందే చెప్తున్నా.

ముందు తీగల సంగతి. మామూలు మాండలిన్‌కి నాలుగు జతల తీగలు. మీటిన శబ్దం ఎక్కువసేపు నిలవదు. అందుకే పాత సినిమా పాటల్లో మాండలిన్ వస్తే గబగబా మీటుతూనే ఉంటారు. శ్రీనివాస్ జతలు తీసేసి, ఒంటి తీగలు ఐదు పెట్టుకుని, ఎలక్ట్రిక్ వాయిద్యం పట్టుకున్నారు. శబ్దం నిలబడుతుంది కాబట్టి ఒక్కసారి మీటి, మెట్ల (ఫ్రెట్ల) మీద వేలు జారుస్తూ గమకం, అంటే స్వరాన్ని ఊపుతూ సాగదీయడం, లాగొచ్చు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఏదైనా ఆలాపన మొదటి నిమిషం వినండి. మీటు ఒక్కసారి 'టిక్'మంటుంది, తర్వాత రెండు మూడు స్వరాలు ఎడమచేతి వేలితోనే వచ్చేస్తాయి. గిటార్ వాళ్లు కాబట్టి మీకు ఇట్టే తెలుస్తుంది.

ఇక గురువుగారు రుద్రరాజు సుబ్బరాజు గారు, కర్ణాటక గాయకుడు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు. సుబ్బరాజు గారికి మాండలిన్ రాదు! ఆయన పాడేవారు, పిల్లాడు దాన్ని తీగ మీద పట్టుకునేవాడు. కిటుకంతా అక్కడే ఉందని నా నమ్మకం. వేగం చూసి అందరూ నోరెళ్లబెడతారు గానీ, శ్రీనివాస్ వాయించేది పాటని. సాహిత్యం తెలిసినవాళ్లకి ఏ మీటు ఏ మాట మీద పడిందో వినపడుతుంది. 1978లో గుడివాడ త్యాగరాజ ఉత్సవాల్లో తొలి కచేరీ చేసేనాటికి తొమ్మిదేళ్లు. 1983లో బెర్లిన్ జాజ్ ఫెస్టివల్‌కి వెళ్లేనాటికి పద్నాలుగు.

ఆయన క్యాసెట్లు నేను మొదట విన్నది మా చిన్నాన్న దగ్గర. టేప్‌రికార్డర్లు రిపేరు చేసేవాడు. సెట్టు బాగుపడిందో లేదో చూడ్డానికి శ్రీనివాస్ క్యాసెట్ వేసేవాడు. వెనక తంబుర శ్రుతి కాస్త ఊగిందా, బెల్టు వదులైనట్టే. అలా మా ఇంట్లో 'నగుమోము' మొదటి పావు భాగమే అందరికీ కంఠతా వచ్చింది. తర్వాతది వినేలోపు మూత బిగించేసేవాడు మరి.

మీరు 'రఘువంశ సుధా'తో మొదలెట్టండి. కదనకుతూహల రాగం, ఎంత కొత్తవాడినైనా పట్టేస్తుంది. ఆ తర్వాత 'నగుమోము', సాహిత్యం ఎదురుగా పెట్టుకుని. ఇవి రెండూ అయ్యాకే నిడివి గల కచేరీ రికార్డింగు. స్టూడియో ఆల్బమ్ కావాలంటే 1994లో రియల్ వరల్డ్ వాళ్లు వేసిన 'రామ శ్రీరామ' ఉంది. ఆ కంపెనీ ఇంగ్లీషు రాక్ గాయకుడు పీటర్ గాబ్రియెల్‌ది. మరుసటి ఏడాది గిటారిస్టు మైఖేల్ బ్రూక్‌తో చేసిన 'డ్రీమ్' మాత్రం ఇప్పుడే వద్దు. శబ్దాల పొగమంచులో అసలు మనిషి కనపడడు.

శ్రుతిపెట్టె:
@గోదారిగట్టు, 'డ్రీమ్' మీద అంత కోపమెందుకండీ! నేను దాంతోనే ఆయన దగ్గరికి వచ్చాను. అడిగిన ఆయన రాక్, జాజ్ వినే మనిషి. ఆయనకి పొగమంచు అలవాటే. అందులో శ్రీనివాస్ కావాలనే తగ్గి వాయించారు, ఖాళీ వదిలారు. ఆయన కచేరీల్లో అలాంటి ఖాళీ తక్కువ.

రిమెంబర్ శక్తి నచ్చింది కాబట్టి, వరసలో 2000లో వచ్చిన 'ది బిలీవర్', 2001లో వచ్చిన 'సాటర్డే నైట్ ఇన్ బాంబే' వినండి. మొదటిదాంట్లో 'లోటస్ ఫీట్' తప్పకుండా. మెక్‌లాఫ్లిన్ గిటార్ ఒక మాట అంటే మాండలిన్ దాన్ని గమకంతో తిప్పి అంటుంది. 2008లో వచ్చిన సొంత ఆల్బమ్ 'సంజనిత' కూడా చూడండి.

రాత్రిడ్యూటీ:
రాత్రి 'రఘువంశ సుధా' విన్నాను. ఆ చివర్లో స్వరాలు మెట్లెక్కినట్టు వెళ్తుంటే గిటార్ తీసి వాయించబోయాను, పక్క గదివాడు గోడ మీద కొట్టాడు. 'డ్రీమ్' కూడా విన్నా, నచ్చింది. సారీ గోదారిగట్టు గారూ. మంచి కచేరీ రికార్డింగు మాత్రం దొరకలేదు.

గోదారిగట్టు:
సారీ ఎందుకయ్యా, విన్నావు, అది చాలు. వెతికేటప్పుడు ఇంగ్లీషులో ఆయన పేరు ఎస్ తర్వాత హెచ్ పెట్టి ఒకసారి, పెట్టకుండా ఒకసారి కొట్టు. రికార్డు కంపెనీలు రెండు రకాలుగానూ వేశాయి, సగం కచేరీలు రెండోదాంట్లో ఉంటాయి. పక్కన తవిల్ (సన్నాయి మేళంలో డోలు) ఉన్నది దొరికితే వదలకు. తని ఆవర్తనంలో, అంటే తాళవాద్యాలు మాత్రమే వాయించే భాగంలో, మృదంగం, తవిల్ కలిస్తే ఇల్లు దద్దరిల్లుతుంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకో, పక్క గదివాడు అసలే మంచివాడు కాదు.

శ్రుతిపెట్టె:
తమ్ముడు యు. రాజేష్‌తో కలిసి వాయించినవీ చాలా ఉన్నాయి. ఏ మాండలిన్ ఎవరిదో చెప్పగలిగితే మీకు చెవి కుదిరినట్టే.

రాత్రిడ్యూటీ:
హెచ్ పెట్టి కొడితే గంటన్నర కచేరీ ఒకటి దొరికింది. తవిల్ ఉంది. ఇవాళ డ్యూటీ లేదు.